ఆకాశంలో తోడొచ్చే గొంతు

చిన్న విమానం నడిపేవాళ్లు రేడియోలో దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ (ఏటీసీ)ను ఎందుకంత గౌరవిస్తారో, నల్లమల మీదుగా ఎగిరే దారిని చూస్తే తెలుస్తుంది.

బేగంపేట నుంచి తిరుపతికి మ్యాపు మీద గీత గీస్తే అది శ్రీశైలం పక్కగా నల్లమల దాటి, కంభానికీ గిద్దలూరుకూ మధ్య నుంచి పోతుంది. నాలుగు సీట్ల సెస్నా 172లో ఈ ప్రయాణం దాదాపు రెండు గంటలు. నేలను చూసుకుంటూ నడిపే ప్రైవేటు పైలట్‌కు ఇక్కడ గుర్తులకు కొదవలేదు. ఎడమవైపు కంభం చెరువు, కుడివైపు గిద్దలూరు, రెండిటినీ కలుపుతూ రైలు పట్టాలు. వాన మబ్బు కమ్మిందా, అన్నీ ఒక్కసారిగా మాయం. ఇక మిగిలేది హెడ్‌సెట్‌లో వినిపించే గొంతే.

మన దేశంలో 17 ఏళ్లు నిండి, పరీక్షలు పాసై, కనీసం 40 గంటలు ఎగిరినవారికి ప్రైవేటు పైలట్ లైసెన్స్ వస్తుంది. పెద్ద విమానంలో ఇద్దరు పంచుకునే పనంతా ఇక్కడ ఒక్కరిదే. విమానం నడపాలి, మ్యాపు చూడాలి, రేడియోలో జవాబివ్వాలి. మాట తడబడితే చాలు, అవతల కొత్తవాళ్లున్నారని మంచి కంట్రోలర్ పసిగట్టేస్తారు. మాట వేగం తగ్గించి, ఒక్కో సూచనా విడివిడిగా చెబుతారు.

చెప్పింది పైలట్ తిరిగి అప్పజెప్పాలన్నది నియమం. కంట్రోల్ టవర్ నుంచి వాయుపీడనం 1008 అని చెబితే పైలట్ 1018 అన్నాడనుకుందాం. ఆ పది పాయింట్ల తేడాతో ఎత్తు చూపే మీటర్ దాదాపు 300 అడుగులు ఎక్కువ చూపిస్తుంది. అంటే విమానం అతను అనుకున్నదానికంటే అంత కిందికి ఉంటుంది. కొండల మీద అది ప్రాణాంతకం. అందుకే కంట్రోలర్ విసుక్కోకుండా మళ్లీ చెబుతారు, సరిగ్గా అప్పజెప్పేదాకా వదలరు.

మౌనమే ప్రమాద సూచన

విమానాల వీహెచ్ఎఫ్ రేడియో తరంగాలు దాదాపు తిన్నగా సాగుతాయి. కొండ అడ్డొస్తే తక్కువ ఎత్తులో ఉన్నవాళ్ల మాట టవర్‌కు అందదు. అందాల్సిన కబురు 30 నిమిషాలు దాటినా అందకపోతే అప్రమత్తం కావాలని అంతర్జాతీయ నియమం. ఆ మౌనం ఎంత భయంకరమో నల్లమల చుట్టుపక్కల ఊళ్లకు తెలుసు. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్‌తో సంబంధాలు తెగిపోయాయి. పావురాలగుట్టపై శకలాలు కనిపించింది మర్నాడే. అందులో ఉన్న ఐదుగురూ మరణించారు.

ఓర్పు ప్రాణం నిలిపిన రోజు కూడా ఉంది. 2022 మే 10న అమెరికాలో ఫ్లోరిడా తీరం దగ్గర సెస్నా కారవాన్ పైలట్‌కు గాల్లోనే ఆరోగ్యం దెబ్బతింది. విమానం నడపడం తెలియని ప్రయాణికుడే రేడియో అందుకున్నాడు. రెక్కలు సమంగా ఉంచి తీరం వెంబడి రమ్మని మొదట ఒక కంట్రోలర్ ధైర్యం చెప్పారు. తర్వాత పామ్‌బీచ్‌లో మరో కంట్రోలర్ రాబర్ట్ మోర్గాన్ అందుకున్నారు. ఆయన ఫ్లయింగ్ శిక్షకుడు కూడా. అయితే ఆ రకం విమానం ఎప్పుడూ నడపలేదు. కాక్‌పిట్ ఫొటో ప్రింటు తీయించుకుని, ముందు పెట్టుకుని ఒక్కో మెట్టూ చెప్పారు. విమానం క్షేమంగా రన్‌వే మీద దిగింది. ప్రయాణికుడు దిగొచ్చి ఆయన్ను కౌగిలించుకున్నాడు.

దొనకొండ ఆశ

కంభం, గిద్దలూరు ఉన్న మార్కాపురం ప్రాంతంలో ఇప్పుడు ఏటీసీ టవర్ లేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్‌వాళ్లు వేసిన ఎయిర్‌స్ట్రిప్ మాత్రం దొనకొండలో ఉంది. దాన్ని విమానాశ్రయంగా మార్చాలన్న ప్రతిపాదన ఏళ్లుగా నలుగుతోంది. అది ఎప్పుడు తేలినా, మార్కాపురం, గిద్దలూరు పిల్లలు టవర్ ఉద్యోగానికి ఇప్పుడే సిద్ధం కావచ్చు. మ్యాథ్స్, ఫిజిక్స్‌తో బీఎస్సీ గానీ ఇంజినీరింగ్ గానీ చదివితే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పరీక్ష రాయొచ్చు. సాధారణంగా వయోపరిమితి 27 ఏళ్లు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. రాత పరీక్షతో పాటు స్వర పరీక్ష కూడా ఉంటుంది. ఎంపికైనవారికి శిక్షణ ఇచ్చే కేంద్రాల్లో ఒకటి బేగంపేటలోనే ఉంది.