దరఖాస్తు ఇచ్చాక చేయాల్సిన పని

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నర్సింగ్ అసిస్టెంట్‌గా మొదటి ఉద్యోగం వెతుక్కునే పిల్లలు దరఖాస్తు నింపేటప్పుడు చూపే శ్రద్ధలో సగం కూడా ఇచ్చేశాక చూపరు. కొందరు ‘వాళ్లే పిలుస్తారులే’ అని ఊరుకుంటారు. కొందరు ఎవరైనా తెలిసినవాళ్లను పట్టుకోమని ఇంట్లో పోరుపెడతారు. రెండింటి వల్లా నష్టమే. దరఖాస్తు వెళ్లినచోట దాన్ని ఏం చేస్తారో తెలిస్తే మనం ఎక్కడ కదలాలో అర్థమవుతుంది.

ముందు సర్కారు కొలువు సంగతి. శ్రీకాకుళం రిమ్స్, విజయనగరం ఘోషాసుపత్రి లాంటి చోట్ల ఈ పనికి ఎఫ్‌ఎన్‌ఓ (ఫిమేల్ నర్సింగ్ ఆర్డర్లీ), ఎంఎన్‌ఓ (మేల్ నర్సింగ్ ఆర్డర్లీ), జనరల్ డ్యూటీ అటెండెంట్ అని పేర్లు. ఎక్కువగా కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పోస్టులే. జిల్లా వైద్యారోగ్యశాఖాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసో, జిల్లా ఆసుపత్రుల సమన్వయాధికారి (డీసీహెచ్‌ఎస్) ఆఫీసో, వైద్య కళాశాలో నోటిఫికేషన్ ఇస్తుంది. జిల్లా వెబ్‌సైట్‌లో పెడతారు. చాలావాటికి పరీక్ష, ఇంటర్వ్యూ ఉండవు. ఈమధ్య వచ్చిన నోటిఫికేషన్లలో సాధారణంగా 100 మార్కులను ఇలా పంచుతున్నారు: చదువులో వచ్చిన మార్కులకు 75, పాసై గడిచిన ప్రతి పూర్తి ఏడాదికి ఒకటి చొప్పున 10 వరకు, ప్రభుత్వ కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు 15 వరకు.

లెక్క వేసి చూడండి. పోయినేడాది పదో తరగతి 90 శాతంతో పాసైన అమ్మాయికి 67.5, ఏడాది గడిచినందుకు ఒకటి, మొత్తం 68.5. పదేళ్ల కిందట 70 శాతంతో పాసైన ఆమెకు 52.5, ఏళ్లకు 10, మొత్తం 62.5. ఈ రెండో ఆమెకు సర్వీసు మార్కులు ఓ ఏడు కలిస్తే ముందుకెళ్లిపోతుంది. అందులో అన్యాయం ఏమీ లేదు, రూలే అంత. ఎవరి సిఫార్సూ ఈ అంకెలను పెంచలేదు. కానీ ఆఫీసులో మీ వివరాలు ఎక్కించేటప్పుడు జరిగిన పొరపాటు తగ్గించగలదు.

అందుకే అసలు పని ప్రొవిజనల్ మెరిట్ లిస్టు రోజున ఉంటుంది. అది ఇంటికి రాదు. వెబ్‌సైట్‌లో, ఆఫీసు నోటీసు బోర్డు మీద పెడతారు. అభ్యంతరాలకు కొద్దిరోజులే గడువు. మీ పేరు ఎదురుగా ఉన్న ప్రతి గడీ చూసుకోండి: శాతం, పాసైన సంవత్సరం, కులం, లోకల్ అవునా కాదా. లోకల్ అనిపించుకోవడానికి నాలుగు నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు, ఒక్క ఏడాదిది లేకపోయినా నాన్‌లోకల్ అని పడే ప్రమాదం ఉంది. కొన్నేళ్లు పదో తరగతి మెమోల మీద మార్కులకు బదులు గ్రేడ్ పాయింట్లు ఇచ్చారు, వాటిని శాతంగా మార్చినచోట మరీ జాగ్రత్తగా చూడాలి. తప్పు కనిపిస్తే నోటితో చెప్పి రావొద్దు. కాగితం మీద రాసి, రుజువు జెరాక్సు జతచేసి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

నెలలు గడిచినా ఏ లిస్టూ రాకపోతే కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌కు అర్జీ పెట్టొచ్చు. 2005 సమాచార హక్కు చట్టం కింద జిల్లా ఆఫీసుకు 10 రూపాయలు కట్టి అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి.

ప్రైవేటులో తీరు వేరు. నెల్లిమర్ల మిమ్స్ అయినా, రాగోలు జెమ్స్ అయినా, విశాఖ ఆరిలోవ హెల్త్‌సిటీలోని ఆసుపత్రులైనా, ఎవరో మానేసినప్పుడు ఖాళీ వస్తుంది. వెంటనే మనిషి కావాలి. అప్పుడు గుర్తొచ్చే పేరు మీదై ఉండాలి. బయోడేటా ఇచ్చిన వారం తర్వాత ఫోన్ చేయండి. పొద్దున్న వార్డుల్లో రౌండ్లుంటాయి, మధ్యాహ్నం మూడు తర్వాత మేలు. “నమస్తే మేడమ్. పోయిన సోమవారం నర్సింగ్ అసిస్టెంట్ పోస్టుకు బయోడేటా ఇచ్చానండి. ఎంపీహెచ్‌డబ్ల్యూ కోర్సు చేశాను. నైట్ డ్యూటీకైనా వస్తాను. మళ్లీ ఎప్పుడు కనుక్కోమంటారండి?” ఇంతే చాలు. దగ్గరైతే వెళ్లి నర్సింగ్ సూపరింటెండెంట్‌ను కలవడం ఇంకా మంచిది. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, జెరాక్సులే ఇచ్చి రండి.

మన జిల్లాల్లో ఉద్యోగాలు చేజారే చోటు ఇంకొకటుంది: ఫోన్ నంబరు. దరఖాస్తులో నాన్న నంబరు రాస్తారు. ఆయన చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పనిలో ఉంటాడు, కొత్త నంబరు ఎత్తడు. లేదా ఆఫర్ కోసం సిమ్ మార్చేస్తారు. నెట్ సెంటర్ అబ్బాయి తన మెయిల్ ఐడీ రాసేస్తాడు. పిలుపు వస్తుంది, అందదు. ఖాళీ పక్కవాళ్లకు పోతుంది. మీ దగ్గరే ఉండే నంబరు ఒకటి, ఇంట్లో ఎప్పుడూ ఎత్తే నంబరు మరొకటి రాయండి.

ఇక డబ్బడిగేవాడి గురించి. పోస్టు వేయిస్తానని పదిమంది దగ్గర తీసుకుంటాడు. మెరిట్‌లో ఎవరికో ఒకరికి ఎలాగూ వస్తుంది, ఆ డబ్బు ఉంచేసుకుంటాడు. మిగతావాళ్లకు తిరిగిచ్చినా ఇవ్వకపోయినా అతనికి లాభమే. మెరిట్ లిస్టు చదవడం వచ్చినవాళ్లకు అతని అవసరమే లేదు. పుస్తెలు తాకట్టుపెట్టి ఇలా ఇవ్వడం దయచేసి ఆపండి.

ఈసారి రాకపోతే ప్రైవేటులో చేరండి. ఆ అనుభవానికి సర్వీసు మార్కులు రావు గానీ, వచ్చే ఏడాదికి పాసైన ఏళ్ల లెక్కలో పదికి మించకుండా ఒక మార్కు పెరుగుతుంది. పాత దరఖాస్తు జెరాక్సు, రసీదు, స్టడీ సర్టిఫికెట్లు ఒకే కవరులో దాచండి. గడువు తక్కువగా ఉండే నోటిఫికేషన్ వచ్చినప్పుడు వాటికోసం మళ్లీ బడుల చుట్టూ తిరగాల్సిన పని ఉండదు.