శాంపిల్ ఫ్రీ కావచ్చు, మన పని ఫ్రీ కాదు

అమెరికాలో పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్‌లోకి అడుగు పెడితే చాలాచోట్ల ముందు తగిలేది సెంటు వాసనే. సెంట్లు, మేకప్ సామాన్ల కౌంటర్లు గుమ్మానికి దగ్గర్లోనే ఉంటాయి. నల్ల బట్టలు వేసుకున్న అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చి, చిన్న కాగితం ముక్క మీద సెంటు కొట్టి చేతికిస్తుంది. కొనకపోయినా ఏమీ అనదు.

ఇళ్లలో పని చేసే అక్కలకి, సైట్‌లో పని చేసే అన్నలకి ఈ కౌంటర్‌తో ఏం పని అనుకోవద్దు. మనవాళ్ల ఇళ్లలోని ఆడపిల్లలు ఇలాంటి షాపుల్లో పనికి చేరుతున్నారు. పైగా అక్కడ జరిగే ఒక సంగతి మనందరి పనికీ వర్తిస్తుంది.

ఫ్రీగా ఎందుకిస్తారు?

ఈ పద్ధతిని బాగా పైకి తెచ్చినవాళ్లలో ఎస్టీ లాడర్ ఒకరు. 1946లో ఆవిడ, భర్త జోసెఫ్ కలిసి న్యూయార్క్‌లో కంపెనీ పెట్టారు. వాడి చూస్తే మళ్లీ వస్తారని నమ్మి శాంపిళ్లు పంచారు, కొన్నవాళ్లకి కానుకలిచ్చారు. తర్వాత మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. అంటే శాంపిల్ దానం కాదు, అమ్మకం కోసం పెట్టే ఖర్చు. ఆ ఖర్చు కంపెనీది.

ఏది తీసుకోవచ్చు, ఏది తీసుకోకూడదు?

కౌంటర్ మీద తెరిచి ఉంచిన సీసా టెస్టర్. అక్కడే వాడి చూసి అక్కడే పెట్టాలి. సగం ఖాళీ అయినా అది షాపు సొత్తే. షాపువాళ్లు చేతికిచ్చిన చిన్న ప్యాకెట్ శాంపిల్, అది మీదే. కొన్నప్పుడు ఇచ్చే కానుకకి బిల్లు దాచుకోండి. మేడమ్ తరఫున సామాన్లు కొనడానికి వెళ్లే అక్కలు బిల్లు లేకుండా బయటికి రావద్దు.

కౌంటర్‌లో పని చేసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మిగిలిన శాంపిల్, పాత టెస్టర్ ఇంటికి తీసుకెళ్లాలంటే మేనేజర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నోటి మాట నమ్ముకుంటే రేపు అదే దొంగతనం అనిపించుకోవచ్చు. దొంగతనం కేసు వీసాకి ఎసరు పెడుతుందని భారత్‌లోని అమెరికా ఎంబసీ 2025లో బహిరంగంగానే హెచ్చరించింది.

ఆ నవ్వు కూడా పనే

గంటల తరబడి నిలబడటం, విసుక్కునే కస్టమర్‌కి ఓపిగ్గా జవాబు చెప్పడం, టెస్టర్లు తుడవడం, కొత్త సరుకు గురించి ట్రైనింగ్‌కి వెళ్లడం. షాపు చెయ్యమన్నది ఏదైనా పనే, దానికి జీతం రావాలి. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకి 7.25 డాలర్లు. చాలా రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువ, ఎక్కడ ఎక్కువుంటే అదే వర్తిస్తుంది. "ఈ వారం అమ్మకాలు లేవు, కమీషన్ రాలేదు" అని కనీస వేతనం కంటే తగ్గించి ఇవ్వడానికి వీల్లేదు.

మామూలుగా వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. గంటకి 15 డాలర్ల మీద 45 గంటలు చేస్తే 675 కాదు, 712.50 డాలర్లు రావాలి. జీతంలో సగానికి పైగా కమీషనే అయిన కొందరు షాపు ఉద్యోగులకి ఓవర్‌టైమ్ లెక్క వేరుగా ఉంటుంది.

మనిషినే శాంపిల్‌గా అడిగితే

అసలు చెప్పదలచుకున్నది ఇది. "రెండు రోజులు ఫ్రీగా చేసి చూపించు, నచ్చితే పెట్టుకుంటాం" అంటారు. షాపులోనే కాదు, వంటకి పిలిచిన ఇంట్లోనూ, ఇంటికి రంగులు వెయ్యమన్న కాంట్రాక్టర్ దగ్గరా ఇదే మాట. సెంటు శాంపిల్ ఖర్చు కంపెనీ పెట్టుకుంది. మన చెమట శాంపిల్ ఖర్చు మాత్రం మనమెందుకు పెట్టుకోవాలి? మీరు వండిన అన్నం వాళ్లు తిన్నారు, మీరు వేసిన రంగు గోడ మీద ఉంది. పనికి పెట్టుకున్నవాళ్లకి దానివల్ల లాభం కలిగింది కాబట్టి, పేరు ట్రయల్ అయినా ట్రైనింగ్ అయినా సాధారణంగా ఆ గంటలకి కూలి ఇవ్వాల్సిందే.

వీసా సంగతి విడిగా చూసుకోండి. ఎఫ్-1 విద్యార్థులు అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చెయ్యకూడదు. హెచ్-4 వాళ్లలో కొందరికి 2015 నుంచి పని అనుమతి దొరుకుతోంది, ఆ కార్డు చేతికొచ్చాకే చేరాలి. అనుమతి లేని పని వీసాకి ముప్పే. కానీ చేసేసిన పనికి కనీస వేతనం అడిగే హక్కు కాగితాలు లేనివాళ్లకీ ఉంటుంది.

సాగస్‌లో 41 మంది

మసాచుసెట్స్‌లోని సాగస్ అనే ఊళ్లో మేసీస్ స్టోర్ ఉంది. అక్కడ సెంట్లు, మేకప్ విభాగంలో పని చేసే 41 మంది తమ వరకూ యూనియన్ కావాలన్నారు. అమ్మకాలవాళ్లందరూ కలిసి ఓటెయ్యాలి తప్ప ఒక్క విభాగం విడిగా కుదరదని కంపెనీ వాదించింది. 2014 జూలైలో జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ఆ 41 మందిది విడి గుంపేనని తేల్చింది. 2016లో అప్పీళ్ల కోర్టు కూడా బోర్డు మాటే నిలబెట్టింది. ఇలాంటి చిన్న గుంపుల గురించి బోర్డు నిబంధనలు ఆ తర్వాత మారుతూ వచ్చాయి. అయినా చిన్న కౌంటర్ వాళ్లు ఒక్క మాట మీద నిలబడితే పెద్ద కంపెనీ జవాబు చెప్పుకోవాల్సి వచ్చిందన్నది మాత్రం మారలేదు.

యూనియన్ లేకపోయినా, ఇద్దరు కలిసి జీతం గురించి మాట్లాడుకోవడం, కలిసి అడగడం 1935 నాటి చట్టం ఇచ్చిన రక్షణ. సైట్‌లో కూలికి చేసే అన్నలకీ ఇది ఉంది. ఇంటి యజమాని నేరుగా పెట్టుకున్న పనివాళ్లని మాత్రం ఆ చట్టం బయటే ఉంచింది. అది అన్యాయమే. అలాగని ఆ అక్కలకి ఏమీ లేదనుకోవద్దు. 1974 నుంచి కనీస వేతన చట్టం ఇంటి పనికీ వర్తిస్తుంది. న్యూయార్క్ 2010లో ఇంటి పనివాళ్ల కోసం ప్రత్యేక చట్టమే తెచ్చింది.

ఇవి మర్చిపోవద్దు

• ఏ రోజు ఎన్ని గంటలకి వెళ్లారో, ఎప్పుడు వచ్చారో సొంత నోటుబుక్కులో రాసుకోండి.
• కమీషన్ ఎంత, ఎప్పుడిస్తారు అన్నది కాగితం మీద అడగండి.
• ఆలస్యం చెయ్యొద్దు. ఫెడరల్ చట్టం కింద పాత బాకీ మామూలుగా రెండేళ్ల వరకే, కావాలని ఎగ్గొడితే మూడేళ్ల వరకు అడగొచ్చు.
• కార్మిక శాఖ వేతన విభాగం ఫోన్: 1-866-487-9243. ఇంగ్లిష్ రాకపోతే "తెలుగు" అనండి, దుభాషి కావాలని అడగండి.
• ఫిర్యాదు చేశారని పని నుంచి తీసెయ్యడం చట్టవిరుద్ధం.

ఈసారి మాల్‌లో ఎవరైనా నవ్వుతూ సెంటు కాగితం చేతికిస్తే తీసుకోండి. ఆ నవ్వు వెనక ఎన్ని గంటలు నిలబడ్డ కాళ్లున్నాయో మనకి తెలుసు కాబట్టి, ఒక థాంక్స్ కూడా చెప్పండి.