మేత కోసం వెతికితే మందు దొరికింది

సూళ్లూరుపేట దాటి వాకాడు, కోట వైపు తీరం పట్టుకుని పోతే ఎటు చూసినా రొయ్యల గుంటలే. తెల్లవారుజామున గట్టు మీద రెండు పనులు జరుగుతుంటాయి. ఒకటి, చెక్‌ట్రేను నీళ్లలోంచి పైకి లాగి, వేసిన మేత తిన్నాయా, మిగిల్చాయా అని చూడటం. రెండోది, షెడ్డులో ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము మూత తీయడం. తవుడు, బెల్లం, ఈస్ట్ కలిపి ముందురోజే అందులో నానబెట్టి ఉంటారు. మూత తీయగానే పులిసిన కల్లు వాసన గుప్పుమంటుంది. పైన నురగ, కింద బుడగలు. ఆ నీళ్లను గుంటలో చల్లితే సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటి వెనకే రొయ్యకు తిండి అయ్యే సన్నజీవులూ పెరుగుతాయి.

బెల్లంలో ప్రొటీన్ దాదాపు లేనట్టే. కానీ కాస్త చక్కెర, కాస్త నత్రజని అందితే చాలు, సూక్ష్మజీవి వాటితోనే తన ఒంటి ప్రొటీన్‌ను తయారు చేసుకుంటుంది. ఈ పనిని పెద్ద పెద్ద స్టీలు ట్యాంకుల్లో చేయించి, ఆ ప్రొటీన్‌ను మాంసానికో, పాలకో, చేపపొడికో బదులుగా అమ్ముదామని ఇప్పుడు ఒక కొత్త పరిశ్రమ తయారవుతోంది.

పులియబెట్టడంలో మూడు దారులు

మొదటిది మన వంటింటిదే. ఇడ్లీపిండి పులిస్తే పొంగుతుంది, రుచి మారుతుంది, తేలిగ్గా అరుగుతుంది. అయితే ప్రొటీన్ పెద్దగా పెరగదు. మినప్పప్పులో ఎంత ఉందో ఇంచుమించు అంతే.

రెండో దారిలో సూక్ష్మజీవే ఆహారం. 1960ల్లో బ్రిటన్‌లో మట్టిలోంచి ఏరిన ఫ్యుజేరియం అనే బూజును ట్యాంకుల్లో పెంచి, 1985 నుంచి 'క్వార్న్' పేరుతో మాంసానికి బదులుగా అమ్ముతున్నారు. వేగంగా పెరిగే కణాల్లో ఆర్‌ఎన్‌ఏ ఎక్కువ. దాన్ని అలాగే తింటే ఒంట్లో యూరిక్ ఆమ్లం పెరుగుతుంది. అందుకే కోసిన బూజును కాసేపు వేడిచేసి, ఆర్‌ఎన్‌ఏను తగ్గించాకే ప్యాకెట్‌లోకి పంపుతారు.

మూడో దారిలో సూక్ష్మజీవి పనివాడు మాత్రమే. మనకు కావలసిన ప్రొటీన్ తాలూకు జన్యువును దాని చేతికిస్తే, అది ఆ ఒక్కదాన్నే గుట్టలుగా తయారు చేస్తుంది. చీజ్ కోసం పాలను గడ్డకట్టించే కైమోసిన్ ఒకప్పుడు లేగదూడ కడుపులోంచి వచ్చేది. జన్యువు మార్చిన సూక్ష్మజీవులు తయారుచేసిన కైమోసిన్‌కు అమెరికా 1990లోనే అనుమతి ఇచ్చింది.

ఒక ఈస్ట్ కథ

ఈ రెండో దారినీ మూడో దారినీ కలిపే జీవి ఒకటుంది. దాని పేరు పికియా పాస్టోరిస్. చక్కెర అక్కర్లేకుండా మిథనాల్ తాగి బతకగల ఈస్ట్ ఇది. 1970ల్లో అమెరికా చమురు కంపెనీ ఫిలిప్స్ పెట్రోలియం దీన్ని పశువుల మేత కోసం పెంచడం మొదలుపెట్టింది. లీటరు నీటిలో వంద గ్రాములకు పైగా ఎండు కణాలు వచ్చేలా పెంచగలిగారు కూడా. అంతలో 1973 చమురు సంక్షోభం వచ్చిపడింది. సహజవాయువుతో తయారయ్యే మిథనాల్ ధర పెరిగింది, దాని ముందు సోయా పిండే చవకైంది. శాస్త్రం నెగ్గినా బేరం కుదరలేదు.

మేతకు పనికిరాకుండా పోయిన ఆ ఈస్ట్‌ను 1980ల్లో జీవశాస్త్రవేత్తలు మరో పనికి మళ్లించారు. మిథనాల్ తగలగానే దాని ఒంట్లో ఒక జన్యు స్విచ్ పడుతుంది. ఆ స్విచ్ వెనక ఏ జన్యువును తగిలిస్తే ఆ ప్రొటీన్ ధారగా వస్తుంది. నెల్లూరు జిల్లాలో పుట్టిన వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ పట్టుకున్నది ఈ ఈస్ట్‌నే. హెపటైటిస్-బి వైరస్ పైపొర ప్రొటీన్‌ను దీని చేత తయారు చేయించి, 1997లో 'షాన్‌వాక్-బి' టీకాను విడుదల చేశారు. దిగుమతి సరుకుగా ధనికులకే అందుతున్న టీకా సామాన్యుడి చేతికి వచ్చింది.

ఇరవయ్యేళ్లు తిరక్కుండానే అదే ఈస్ట్ మళ్లీ తిండి వైపు వచ్చింది. మినుము మొక్కను పెరికి, వేరు మీది బుడిపెను గోటితో చిదిమి చూడండి, లోపల లేత ఎరుపు కనబడుతుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన ప్రొటీన్ అది. సోయా వేర్లలోనూ ఉంటుంది. ఇంపాజిబుల్ ఫుడ్స్ అనే అమెరికా కంపెనీ ఆ సోయా జన్యువును పికియాలో పెట్టి, వచ్చిన ఎర్రటి ప్రొటీన్‌ను మొక్కల సరుకుతో చేసిన బర్గర్‌లో కలిపింది. 2016లో అది మార్కెట్‌కు వచ్చింది. పెనం మీద వేస్తే మాంసం వాసన రావడానికి కారణం ఆ ఎరుపే.

గ్రాములు, టన్నులు

అదే ఈస్ట్‌తో టీకా చవకైనప్పుడు తిండి ఎందుకు కాలేదు? చిన్న లెక్క వేద్దాం. పెద్దల టీకా ఒక డోసులో ఉండే ప్రొటీన్ 20 మైక్రోగ్రాములు. అంటే ఒక గ్రాముతో 50,000 డోసులు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 65 కిలోల మగవాడికి రోజుకు 54 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఒక్క మనిషి ఒక్కరోజు తినే ఆ ప్రొటీన్‌తో 27 లక్షల టీకా డోసులు తయారవుతాయి! మందుకు గ్రాముల్లో లాభం, తిండికి టన్నుల్లో కూడా నష్టం రావచ్చు.

టన్నుల దాకా వెళ్లేసరికి కష్టాలు వేరు. రొయ్యల రైతుకు అవి కొత్త కాదు. గుంటలో పిల్లను ఒత్తుగా వేస్తే తెల్లవారేసరికి ఆక్సిజన్ పడిపోతుంది, అందుకే రాత్రంతా ఏరేటర్లు తిరగాలి. పులియబెట్టే ట్యాంకు (ఫెర్మెంటర్) అంటే అంతకన్నా ఎన్నో రెట్లు ఒత్తుగా జీవం కిక్కిరిసిన గుంట. అడుగడుక్కీ గాలి అందాలి. కణాలు పుట్టించే వేడిని ఎప్పటికప్పుడు లాగేయాలి. బయటి సూక్ష్మజీవి ఒక్కటి చొరబడినా బ్యాచ్ మొత్తం పారబోయాల్సిందే. క్వార్న్ ట్యాంకులు దాదాపు 40 మీటర్ల ఎత్తున ఉండటానికి కారణం గాలే. అడుగు నుంచి పంపిన గాలి పైకి పోతూ రసాన్నంతా తనే కలియతిప్పుతుంది. ఇక చక్కెర ఖర్చు, కరెంటు ఖర్చు, చివర్లో ప్రొటీన్‌ను వడగట్టి ఆరబెట్టే ఖర్చు ఉండనే ఉన్నాయి.

మొదటి విస్తరి ఎవరిది?

అందుకే ఈ ప్రొటీన్ మన కంచంలోకి వచ్చేకన్నా ముందు రొయ్య నోట్లోకి వెళ్లేలా ఉంది. వెనామీ రకం రొయ్య మేతలో మూడో వంతుకు పైగా ప్రొటీన్ ఉండాలి. రొయ్యల సాగు ఖర్చులో పెద్ద వాటా మేతదే. అందులో మేలురకం ప్రొటీన్ చేపపొడి నుంచి వస్తుంది, దానికోసం సముద్రంలో చిన్నచేపలను ఊడ్చాలి. ఇటు మీథేన్ వాయువును తిని పెరిగే బ్యాక్టీరియా ఎండు బరువులో 70 శాతం దాకా ప్రొటీనే. చైనాలోని చోంగ్‌చింగ్‌లో ఏడాదికి 20,000 టన్నులు తీసే సామర్థ్యంతో ఇలాంటి మేత ఫ్యాక్టరీని కట్టారు. బెంగళూరులోని స్ట్రింగ్ బయో కూడా మీథేన్ దారిలోనే పనిచేస్తోంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన బయోఈ3 విధానం తాను ప్రోత్సహించే రంగాల్లో ఇలాంటి ప్రొటీన్‌లనూ చేర్చింది.

యాభై ఏళ్ల కింద పికియాను ఓడించింది సోయా పిండి. ఆ పోటీ ఇప్పటికీ సద్దుమణగలేదు. మేతబస్తా మీద ప్రొటీన్ శాతం అచ్చువేసి ఉంటుంది. అది చేపదో, సోయాదో, ట్యాంకుదో రొయ్యకు పట్టదు. చెక్‌ట్రే ఖాళీ అయితే ఒక పరీక్ష గట్టెక్కినట్టే. ఆ తర్వాత గట్టు మీద నిలబడిన రైతు అడిగేవి రెండే: బస్తా ఎంత? ఎన్ని రోజులకు ఎంత కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) వస్తుంది?