సరిహద్దులో భర్త, కోర్టులో కాగితం

2 సమూయేలు 11వ అధ్యాయం చదివినప్పుడల్లా మనం దావీదు పాపం గురించే మాట్లాడుకుంటాం. ఊరియా సంగతి అంతగా పట్టించుకోం. అతడు రాజు పక్షాన యుద్ధంలో ఉండగా ఇక్కడ యెరూషలేములో అతని కాపురం కూలిపోయింది. ఆ సైనికుణ్ణి ఒక్క మాట అడిగినవారు లేరు.

మౌలాలిలో సేవ చేసే మాకు ఊరియా దూరపువాడేమీ కాడు. మా సంఘంలో రైల్వేవారితో పాటు మిలిటరీ కుటుంబాలూ ఉన్నాయి. తిరుమలగిరి, సైనిక్‌పురి ఎంతో దూరం కాదు కదా. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక సహోదరి తన అన్నతో వచ్చింది. భర్త హవల్దారు, లడఖ్ వైపు ఉన్నాడు. ఏడు నెలలుగా పైసా లేదు, ఫోన్ తీయడు. పాప స్కూలు ఫీజు బాకీ.

"అయ్యగారూ, బావ ఇప్పుడు రాలేడు. ఈలోగా కేసు వేస్తే ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చేస్తుందట. లేదంటే మన సంఘమే విడాకులు రాసిచ్చేయవచ్చు కదా!" అన్నాడు అన్న.

సంఘం రాసిచ్చే కాగితంతో పెళ్లి రద్దు కాదని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. అది మాకు తెలుసు. తెలియనిది మిగతాదంతా. మొదట "ఓర్చుకోమ్మా, ప్రార్థన చేద్దాం" అని పంపేయబోయాం. పాతికేళ్లుగా నోటికి అలవాటైన మాట అది. ఆమె కన్నీళ్లు చూశాక, కేసుకు పనికొచ్చేలా ఉత్తరం రాసివ్వడానికి కలం తీశాం. మా సంఘ పెద్దల్లో ఒకరు, రిటైరైన సుబేదారు, ఆపారు. "1925 చట్టం ఉందండీ" అన్నారు.

భారత సైనికుల వ్యాజ్యాల చట్టం అది. యుద్ధ పరిస్థితుల్లోనో, ప్రభుత్వం ప్రకటించిన ప్రత్యేక పరిస్థితుల్లోనో పనిచేస్తున్న సైనికుడి మీద కేసు వేసేవారు ఆ సంగతి తెలిస్తే పిటిషన్‌లోనే చెప్పాలి. అతడు రాలేక, అతని తరఫున ఎవరూ లేకపోతే కోర్టు విచారణ ఆపి సైనికాధికారికి నోటీసు పంపాలి. అతని వెనుక తెచ్చుకున్న డిక్రీని తర్వాత రద్దు చేయమని అతడు అడగవచ్చు. తిరుమలగిరిలో మామూలు డ్యూటీ చేసుకునేవాడికి ఈ అండ ఉండదు. మనిషి చెప్పేది వినకుండా తీర్పు తీర్చవచ్చా అని పరిసయ్యులను నిలదీసిన నీకొదేము ఈ చట్టాన్ని మెచ్చుకునేవాడే.

మరి పాప ఫీజు? తీర్పు ఆగవచ్చు, అన్నం ఆగకూడదు. సివిల్ డిక్రీ కింద సైనికుడి జీతాన్ని జప్తు చేయకూడదని 1950 సైన్య చట్టం 28వ సెక్షన్ చెబుతుంది. అంతవరకే విని చాలామంది భార్యలు ఆశ వదులుకుంటారు. అదే చట్టం భార్యాబిడ్డల పోషణకు జీతంలోంచి కోసి ఇచ్చే అధికారం సైన్యానికి ఇచ్చింది. భార్యకు జీతభత్యాల్లో 22 శాతం వరకు, ఒక్కో బిడ్డకు 5.5 శాతం, అన్నీ కలిపి 33 శాతం మించకుండా. యూనిట్ కమాండింగ్ ఆఫీసరుకు దరఖాస్తు పెట్టుకోవాలి. దానికి విడాకుల కేసు అక్కరలేదు. ఉత్తర్వుకు ముందు భర్త జవాబు కూడా అడుగుతారు.

మేము ఆ దరఖాస్తు రాయించి, సంఘ రిజిస్టరులోని వివాహ ధ్రువపత్రం నకలు జతచేశాం. నెలలు పట్టింది.

అతని జవాబు చూసి మేమంతా నోట మాట రాక కూర్చున్నాం. ప్రతి నెలా తల్లి ఖాతాకు డబ్బు పంపిన బ్యాంకు కాగితాలు పెట్టాడు. కోడలికి అందుతోందనే అనుకున్నాడట. అందుకని అతడు తప్పులేనివాడని మేమనం. ఏడు నెలలు భార్య ఫోన్ తీయకపోవడం చిన్న సంగతి కాదు.

ఆమె కేసు వేసింది. వద్దని మేమనలేదు. భర్త సైన్యంలో ఎక్కడ ఉన్నాడో దాచకుండా పిటిషన్‌లో రాయించింది. అన్నకు అది నచ్చలేదు. కేసు కోసం సెలవు ఇచ్చినట్టు సైనికాధికారి సర్టిఫికెట్ చూపిస్తే, వీలైనంతవరకు ఆ సెలవు లోపలే విచారణ జరపాలని సైన్య చట్టం 32వ సెక్షన్ అంటుంది. అతడు అలాగే వచ్చాడు. పెళ్లయ్యాక ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని డబ్బు లెక్కలు మాట్లాడుకోవడం అదే మొదటిసారట.

కేసు ఇంకా నడుస్తోంది. డబ్బు ఆమె ఖాతాకే వస్తోంది. సండే స్కూలు అయ్యాక పాప మా వరండాలో కూర్చుని నాన్నకు ఫోన్ చేస్తుంది. సిగ్నల్ దొరికిన వారం మాట్లాడుతుంది. దొరకని వారం ఇంకో అరగంట కూర్చుంటుంది.