రచ్చబండ మీద విజ్ఞాన సర్వస్వం

2013 మొదట్లో ఇంగ్లీషు వికీపీడియాలో ఒక హాలీవుడ్ సినిమా పేరు మీద పెద్ద తగవు నడిచింది. సినిమా 'స్టార్ ట్రెక్ ఇన్‌టు డార్క్‌నెస్'. పేచీ అల్లా 'ఇన్‌టు' అన్న మాటను పెద్ద 'ఐ'తో మొదలుపెట్టాలా, చిన్న 'ఐ'తోనా అని. పేరు మధ్యలో వచ్చే ఇలాంటి చిన్న మాటలు చిన్నక్షరంతోనే ఉండాలని వికీపీడియా శైలి నియమం చెబుతోంది కదా అన్నది ఒక పక్షం. సినిమా తీసినవాళ్ళే పెద్దక్షరం వాడుతుంటే మార్చడానికి మనమెవరం అన్నది రెండో పక్షం. వాదన సాగి సాగి నలభై వేల పదాలు దాటింది. ఎక్స్‌కేసీడీ అనే కార్టూన్ ఈ గొడవను ఆటపట్టించింది కూడా. చివరికి పెద్ద 'ఐ' నెగ్గింది.

పెద్దక్షరం, చిన్నక్షరం అనే బెడద లేని తెలుగువాళ్ళకు ఇది పనిలేని పంచాయితీలా అనిపించవచ్చు. కానీ వికీపీడియా నడిచే తీరంతా అందులో కనిపిస్తుంది. 2001 జనవరి 15న మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వంలో ఒక్క ఇంగ్లీషులోనే డెబ్బై లక్షలకు పైగా వ్యాసాలున్నాయి. రాసేవాళ్ళకు జీతం లేదు, పైన ప్రధాన సంపాదకుడు లేడు. చాలామందికి ఒకరితో ఒకరికి ముఖపరిచయం కూడా ఉండదు. ఏ వాక్యం ఉండాలో, ఏది పోవాలో వాళ్ళలో వాళ్ళే తేల్చుకోవాలి.

తెర వెనుక పేజీలు

వికీపీడియాలో ప్రతి వ్యాసానికీ పాఠకులు పెద్దగా తొంగిచూడని పేజీలు రెండుంటాయి. ఒకటి 'చరిత్ర'. వ్యాసం పుట్టిన రోజు నుంచి ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అందులో వరుసగా ఉంటుంది. తేదీ, సమయం, వాడుకరి పేరు, పక్కన ఒక అంకె. సమాచారం చేరితే ఆ అంకె కూడిక గుర్తుతో పచ్చగా, తగ్గితే తీసివేత గుర్తుతో ఎర్రగా కనిపిస్తుంది. ఒకే అంకె గంటలో నాలుగుసార్లు, పచ్చగా ఒకసారి, ఎర్రగా ఒకసారి మారుతూ వచ్చిందంటే అక్కడ ఇద్దరు పట్టుదలకు పోయారన్నమాట. ఒకరు రాస్తున్నారు, ఇంకొకరు చెరిపేస్తున్నారు. దీన్నే దిద్దుబాటు యుద్ధం అంటారు.

రెండోది 'చర్చ' పేజీ. యుద్ధం ఆపి వచ్చి మాట్లాడుకోవలసిన చోటు అదే. పద్ధతి తేలికైనదే: చొరవ తీసుకుని మార్చవచ్చు; ఇంకొకరు దాన్ని వెనక్కి తిప్పితే మళ్ళీ మార్చకుండా చర్చకు రావాలి. మాటతో వినని వాళ్ళ కోసం 2004లో ఇంగ్లీషు వికీపీడియా ఒక కట్టడి పెట్టుకుంది. ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి ఇతరుల మార్పులను రద్దు చేసినవారి మీద నిరోధం పడుతుంది. చెప్పింది నిజమా కాదా అని అక్కడ ఎవరూ అడగరు. సరైన మాట రాసినవాడు కూడా నాలుగోసారి తిప్పితే దొరికిపోతాడు.

ఇద్దరి మధ్య తెగకపోతే మూడో మనిషి అభిప్రాయం అడగవచ్చు. అప్పటికీ తెగకపోతే అందరినీ పిలిచి మామూలుగా నెల రోజుల పాటు చర్చ నడుపుతారు. గడువు ముగిశాక, ఆ గొడవతో సంబంధం లేని ఒకరు అంతా చదివి సారాంశం చెబుతారు. ఆ మనిషి తలలు లెక్కపెట్టి ఊరుకోకూడదు. ఎవరి వాదనకు నియమాల, ఆధారాల దన్ను ఎంతుందో తూచాలి. పది మంది 'ఇది మా మాట' అని సంతకాలు పెట్టినా, ఒక్కరు నమ్మదగిన పుస్తకం చూపిస్తే మొగ్గు అటు ఉండవచ్చు.

అందరి పైనా ఉన్న మధ్యవర్తుల సంఘం అసలు వ్యాసంలో ఏం రాయాలన్న జోలికే పోదు. ఎవరి నడవడిక బాగాలేదు, ఎవరిని పక్కన పెట్టాలన్నంత వరకే దాని తీర్పు. ఆ సంఘ సభ్యులను ఎన్నుకునేదీ దిద్దుబాటుదారులే.

ఊరి పేరుకు ఓట్లు

ఓట్లతో తేలిన తగాదాలు లేకపోలేదు. పోలండులో బాల్టిక్ తీరాన ఉన్న గ్డాన్‌స్క్ నగరాన్ని జర్మన్లు డాంజిగ్ అంటారు. చరిత్రలో ఆ ఊరు చాలాసార్లు చేతులు మారింది. దాంతో వందలాది వ్యాసాల్లో ఒకరు గ్డాన్‌స్క్ అని రాయడం, మరొకరు డాంజిగ్ అని మార్చడం ఏళ్ళ తరబడి నడిచింది. 2005లో దీనికి ఓటింగు పెట్టారు. 'ఏ పేరు?' అని ఒకే ప్రశ్న వేసి ఉంటే ఆ రగడ ఇంకా నడుస్తూనే ఉండేదేమో. చరిత్రను కాలాలుగా విడగొట్టి ఒక్కో కాలానికి విడిగా అడిగారు. 1308కి ముందు గ్డాన్‌స్క్, 1308 నుంచి 1945 దాకా డాంజిగ్, ఆ తర్వాత మళ్ళీ గ్డాన్‌స్క్ అని తేలింది. ఆ లెక్కన 1788లో అక్కడ పుట్టిన తత్త్వవేత్త షోపెన్‌హావర్ డాంజిగ్‌వాడు. అదే ఊళ్ళో 1960లో పుట్టినవారు గ్డాన్‌స్క్‌వాళ్ళు.

మనకు తగిలే తీర్పు ఒకటి 2012లో వచ్చింది. భారతీయ నటుల గురించో ఊళ్ళ గురించో ఇంగ్లీషు వ్యాసాలు చదివేవాళ్ళకు, మొదటి వాక్యంలో పేరు తెలుగులోనో తమిళంలోనో ఎందుకు కనిపించదన్న అనుమానం వచ్చే ఉంటుంది. ఒకప్పుడు కనిపించేది. రజనీకాంత్ పేరే తీసుకుంటే, పుట్టింది బెంగళూరులో మరాఠీ కుటుంబంలో, ఏలింది తమిళ తెరను. కన్నడం, మరాఠీ, తమిళం, వీటిలో ఏ లిపి ముందు? హైదరాబాదుకు తెలుగు ముందా, ఉర్దూ ముందా? ఒకరు చేర్చడం, ఒకరు తీసేయడం, ఆ లిపి రానివాళ్ళు తప్పొప్పులు పట్టలేకపోవడం రోజువారీ తంతుగా మారింది. విసిగిపోయిన సముదాయం ఇలాంటి వ్యాసాల ఆరంభంలో భారతీయ లిపులేవీ వద్దని తీర్మానించుకుంది. ఆ లిపి గురించి, ఆ భాష గురించి రాసిన వ్యాసాలకు మినహాయింపు ఉంది. మన లిపి కనిపించకపోవడం చాలామందికి ఇప్పటికీ బాధే. కానీ గొడవ మాత్రం తగ్గింది.

పోట్లాడేవాళ్ళు లేకపోతే

ఇన్ని తగాదాలతో వ్యాసాలు పాడైపోవా? అమెరికా రాజకీయాల్లో భిన్న ధ్రువాలకు చెందినవాళ్ళు కలిసి రాసిన వ్యాసాలను పరిశోధకులు పరిశీలించి, 2019లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. ఒకే భావజాలం ఉన్నవాళ్ళు రాసినవాటికంటే, ఎదురు పక్షాలవాళ్ళు కొట్లాడుకుంటూ రాసినవే నాణ్యంగా తేలాయి. పక్కవాడు తప్పు పడతాడన్న భయం ఉన్నచోట ప్రతి వాక్యానికీ ఆధారం వెతకక తప్పదు.

ఎదురు చెప్పేవాళ్ళు కరువైతే ఏమవుతుందో క్రొయేషియన్ వికీపీడియా చూపించింది. ఇతరులను నిరోధించే అధికారం చేతిలో ఉన్న కొద్దిమంది తీవ్ర జాతీయవాద నిర్వాహకులు దాన్ని గుప్పిట్లో పెట్టుకున్నారు. వాళ్ళతో విభేదించినవారిని నిరోధించారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో క్రొయేషియాను ఏలిన ఫాసిస్టు ఉస్తాషా పాలన అకృత్యాలు వ్యాసాల్లో పలచబడ్డాయి. 2013లో ఆ దేశ విద్యాశాఖ మంత్రే విద్యార్థులను అటు వెళ్ళవద్దన్నారు. వ్యవహారం చక్కబడేసరికి 2020 దాటింది. వికీపీడియాను నిర్వహించే సంస్థ వికీమీడియా ఫౌండేషన్ చేయించిన విచారణ నివేదిక 2021లో బయటికొచ్చింది.

స్కాట్లండులో మాట్లాడే స్కాట్స్ భాష వికీపీడియాది ఇంకో కథ. ఆ భాష సరిగా రాని ఒక అమెరికన్ కుర్రాడు ఏళ్ళ తరబడి అందులో ఇరవై వేలకు పైగా వ్యాసాలు రాసుకుపోయాడు. అతనిది దురుద్దేశం కాదు. పట్టించుకుని దిద్దే మనిషి లేకపోవడంతో 2020 దాకా సంగతి బయటపడలేదు.

తెలుగు రచ్చబండ

ఇంగ్లీషు వికీపీడియా నిర్వాహకులు ఎనిమిది వందల దరిదాపుల్లో ఉంటే, తెలుగులో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైన తెలుగు వికీపీడియా లక్ష వ్యాసాలు దాటింది. అందరికీ సంబంధించిన చర్చ జరిగే పేజీకి ఇక్కడ రచ్చబండ అని పేరు. ఒకే పేరున్న ఊళ్ళను విడదీసే పేజీ 'అయోమయ నివృత్తి', ఎదగని వ్యాసం 'మొలక'.

ఇక్కడి తగాదాల రంగు వేరు. గూగుల్ 2009 తర్వాత యాంత్రిక అనువాద ఉపకరణంతో, డబ్బిచ్చి పెట్టుకున్న అనువాదకులతో భారతీయ భాషల్లోకి ఇంగ్లీషు వ్యాసాలను దింపింది. తెలుగులోకీ వందలాదిగా వచ్చాయి. వ్యాసాల సంఖ్య పెరిగింది, కానీ చాలావాటిలో వాక్యం కొరుకుడుపడదు. రాసినవాళ్ళు మళ్ళీ వచ్చి దిద్దరు. బెంగాలీ వికీపీడియా ఆ అనువాదాలకు గట్టిగా అడ్డుచెప్పింది. తెలుగులో మాత్రం ఉంచాలా, తీసేయాలా, ఉంచితే ఎవరు బాగుచేయాలన్న మీమాంస చాలాకాలం సాగింది.

ఊళ్ళ పేజీలది తెగని పని. రెండు తెలుగు రాష్ట్రాల్లోని వేలాది గ్రామాలకు తెలుగు వికీపీడియాలో పేజీలున్నాయి. కొత్తపల్లి అని వెతికితే ఏ మండలపు కొత్తపల్లో చెప్పాలి. తెలంగాణ జిల్లాలు 2016 అక్టోబరులో 10 నుంచి 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్ 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. విభజన జరిగిన ప్రతిసారీ పాత జిల్లా పేరు తీసేయాలా, 'అప్పట్లో ఫలానా జిల్లాలో ఉండేది' అని ఉంచాలా అన్న ప్రశ్న వస్తుంది. 2011 జనాభా లెక్కలు పాత జిల్లాల ప్రకారం ఉంటాయి కాబట్టి రెండూ చెప్పక తప్పదు.

తమ ఊరి పేజీలో మండలం తప్పుపడిందని గమనించినవారు నేరుగా దిద్దవచ్చు. దిద్దేటప్పుడు జిల్లాల విభజన మీద ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వును మూలంగా చూపిస్తే ఇంకొకరు తిప్పే అవకాశం తక్కువ. తిప్పారో, చర్చ పేజీలో కారణం రాసి చివర నాలుగు టిల్డా గుర్తులు పెడితే పేరూ, తేదీ, సమయం వాటంతటవే పడతాయి. జవాబు ఆ రోజే రావచ్చు, వారం పట్టవచ్చు. ఎవరూ పలక్కపోతే విషయాన్ని రచ్చబండకు తీసుకెళ్ళవచ్చు.