గుండెమంట: తప్పు ఆమ్లానిదా, కవాటానిదా?

గుండెమంటకూ గుండెకూ సంబంధం లేదు. మంట పుట్టేది గొంతు నుంచి జీర్ణాశయానికి ఆహారాన్ని చేరవేసే అన్నవాహికలో. ఆ గొట్టం రొమ్ముటెముక వెనుక, గుండెకు చేరువగా దిగుతుంది. ఈ ఇరుగుపొరుగు అవయవాల బాధను మెదడు కచ్చితంగా వేరుచేసి గుర్తించలేదు. వాడుకలో ఉన్న రెండో పేరు ఎసిడిటీ. కడుపులో ఆమ్లం ఎక్కువైందన్న భావన అందులో ఉంది. కానీ ఈ బాధ ఉన్నవారిలో చాలామందికి ఆమ్లం మామూలుగానే ఊరుతుంది. అది తన చోటు దాటి పైకి రావడమే అసలు చిక్కు.

జీర్ణాశయంలో ఊరేది హైడ్రోక్లోరిక్ ఆమ్లమని 1824లో ఆంగ్ల వైద్యుడు విలియం ప్రౌట్ వెల్లడించాడు. మాంసకృత్తులను జీర్ణం చేసే పెప్సిన్ పనిచేయాలన్నా, ఆహారంతో వచ్చే సూక్ష్మజీవులు నశించాలన్నా ఈ ఆమ్లం అవసరం. జీర్ణాశయపు లోపలి గోడను చిక్కని జిగురుపొర కాపాడుతుంది. అన్నవాహికకు అటువంటి కవచం లేదు.

ఈ రెండింటి నడుమ కవాటంలా పనిచేసేది ఒక కండర వలయం. మింగినప్పుడు తెరుచుకుని, ముద్ద దిగగానే మూసుకుంటుంది. కడుపులో చేరిన గాలి తేన్పుగా వెలువడేందుకు, మింగకపోయినా అప్పుడప్పుడు కొన్ని సెకన్లు సడలుతుంది. కడుపు నిండినకొద్దీ ఈ సడలింపులు పెరుగుతాయి. విందుభోజనం చేసి వెంటనే నడుం వాల్చినప్పుడు మంట రేగడానికి కారణమిదే. స్థూలకాయం, గర్భం కడుపుపై ఒత్తిడి పెంచుతాయి. పొగాకు, మద్యం, రక్తపోటుకు వాడే కొన్ని మందులు వలయాన్ని వదులు చేస్తాయి. కొందరిలో జీర్ణాశయపు పైభాగమే ఉదరవితానంలోని రంధ్రం గుండా ఛాతీలోకి జారుతుంది. దీనిని హయాటస్ హెర్నియా అంటారు.

మిరపకారం కథ వేరు. అందులోని క్యాప్సెయిసిన్ వేడిని పసిగట్టే నాడీగ్రాహకాలనే ప్రేరేపిస్తుంది. అప్పటికే ఒరిసిపోయిన అన్నవాహికకు ఆవకాయ నిప్పులా తోచడం అందువల్లనే. అయినా అందరికీ వర్తించే పథ్యం లేదు. ఎవరికి ఏది పడదో వారే గమనించుకోవాలి.

మందులు ప్రధానంగా మూడు రకాలు. యాంటాసిడ్లు ఉన్న ఆమ్లాన్ని నిమిషాలలో విరుస్తాయి. ఆ ఉపశమనం ఎక్కువసేపు నిలవదు. రెండో రకం హిస్టమిన్ సంకేతాన్ని అడ్డుకుని ఆమ్లం ఊరడాన్ని తగ్గిస్తుంది. జేమ్స్ బ్లాక్ బృందం రూపొందించిన సిమెటిడిన్ 1976లో బ్రిటన్ విపణిలోకి వచ్చింది. ఆయనకు 1988లో నోబెల్ బహుమతి లభించింది. నేడు వాడే ఫమోటిడిన్ ఈ కోవలోదే. మూడో రకం ఒమెప్రజోల్ వంటివి. ఇవి ఆమ్లాన్ని వెలువరించే కణాలలోని పంపులనే మూసివేస్తాయి. ఆ పంపులు ఆహారం అందినప్పుడే ఎక్కువగా పనిలోకి దిగుతాయి. మందు రక్తంలో నిలిచేది కొద్ది గంటలే. అందుచేత సాధారణంగా అల్పాహారానికి 30 నుంచి 60 నిమిషాల ముందు వేసుకోవాలి. మంట రేగాక పడుకోబోతూ మింగితే ఫలితం తక్కువ. పూర్తి గుణం కనిపించడానికి కొన్ని రోజులు పడుతుంది.

అమెరికాలో 2003 నుంచి ఒమెప్రజోల్ చీటీ లేకుండానే దొరుకుతోంది. అలా కొన్నవారు 14 రోజులకు మించి వాడరాదనీ, వైద్యుని సలహా లేకుండా నాలుగు నెలలలోపు మళ్ళీ మొదలుపెట్టరాదనీ ఆ పెట్టె మీదే ఉంటుంది. దీర్ఘకాలం వాడి ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్ళు ఆమ్లం మరింతగా ఊరవచ్చు. మందు లేనిదే గడవదన్న భ్రమకు అదొక కారణం.

ఈ మందులేవీ కవాటాన్ని బాగుచేయవు. పైకి వచ్చేదానిలో పులుపు తగ్గుతుందే తప్ప రావడం ఆగదు. అందుకే అలవాట్లు కూడా చికిత్సలో భాగమే. రాత్రి భోజనానికీ నిద్రకూ మధ్య కనీసం మూడు గంటలు ఉండాలి. తలవైపు మంచం కోళ్ళ కింద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దిమ్మలు పెట్టాలి. దిండ్లు పేర్చితే నడుము వంగి కడుపుపై ఒత్తిడి పెరుగుతుంది. ఎడమవైపు తిరిగి పడుకోవడం, అధిక బరువు తగ్గడం మేలు చేస్తాయి. వీటికీ లొంగనప్పుడు కొందరికి శస్త్రచికిత్స ఉంది. జీర్ణాశయపు పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ చుట్టి కుట్టే పద్ధతిని రూడాల్ఫ్ నిస్సెన్ 1956లో ప్రకటించాడు.

మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తపు వాంతి, నల్లటి విరేచనం ఉంటే వెంటనే వైద్యుని చూడాలి. ఏళ్ళ తరబడి ఆమ్లం తాకితే అన్నవాహిక లోపలి పొర స్వభావమే మారవచ్చు. అలా మారినవారిలో కొద్దిమందికి అది క్యాన్సరుకు దారితీస్తుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది దీనికి తిరగబడిన పొరపాటు: గుండెపోటును గ్యాస్ అనుకోవడం. దక్షిణాసియా వారికి గుండెజబ్బు చిన్న వయసులోనే వచ్చే ముప్పు ఎక్కువ. ఛాతీలో బరువు లేదా బిగింపు, శ్రమతో పెరిగే నొప్పి, అది చేతికో దవడకో పాకడం, చెమట, ఆయాసం కనిపిస్తే అత్యవసర సేవలకు ఫోన్ చేయాలి. మధుమేహులలోనూ స్త్రీలలోనూ ఈ లక్షణాలు స్పష్టంగా లేకపోవచ్చు. యాంటాసిడ్‌తో కాస్త నెమ్మదించినంత మాత్రాన గుండె క్షేమమని తేలదు. ఆ నిర్ణయం ఇసిజికీ రక్తపరీక్షకూ వదిలిపెట్టవలసినది.