తెగిన చెప్పుకు రెండు సూదులు

పోయిన దసరా సెలవులకు ఇంటికి పోతుంటే నా తోలు చెప్పు వారు తెగింది. కొండదారి అంతా ఒట్టి కాళ్ళతో నడిచాను. అప్పుడే సంతలో చెప్పులు కుట్టే తాత దగ్గర ఈ పని నేర్చుకున్నాను.

కావలసినవి: ఆరె, రెండు సూదులు, గట్టి నూలు దారం, తేనెమైనం, తోలు ముక్క.

ముందు దారానికి మైనం రుద్దాలి. అప్పుడు అది తొందరగా నానదు, జారదు. తెగిన చోట అడుగున తోలు ముక్క వేసి, కింద చెక్క పెట్టి, ఆరెతో బియ్యపుగింజంత ఎడంగా బెజ్జాలు పొడవాలి. చెయ్యి జాగ్రత్త! ఒకే దారం రెండు కొసలకూ సూదులు ఎక్కించి, ప్రతి బెజ్జంలోనూ రెండు వైపుల నుంచి దూర్చి బిగించాలి. ఒక పోగు తెగినా రెండోది పట్టుకుంటుంది.

తడిసిన తోలును పొయ్యి దగ్గర పెట్టకండి. బిరుసెక్కి పగులుతుంది.

“ఇదేం పనిరా?” అని నవ్వినవాళ్ళే ఇప్పుడు చెప్పులు తెస్తున్నారు. కుడతాను. కాని పక్కన కూర్చొని నేర్చుకోవాలి!